పై బాక్సు, కింది బాక్సు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లోవాళ్ళకీ తెలుసు, ఆఫీసులోవాళ్ళకీ తెలుసు. అందుకే ఆ రోజు పొద్దున్న పదకొండింటికి మా ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ ఒక్కసారిగా నెట్ పోతే, ఎవరూ నోరెత్తి నన్నేమీ అడగలేదు. కుర్చీలు వెనక్కి జరుపుకుని ఒకసారి నావైపు చూశారు, మళ్ళీ బుద్ధిగా తెరలవైపు తిరిగారు.

మాది పోర్టు పక్కనే, వన్ టౌన్‌లో, క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు. పోర్టుకొచ్చే సరుకుకి కస్టమ్స్ కాగితాలు పెట్టి విడిపించడం మా పని. పాతకాలపు మేడ, కింద గోడౌను, పైన ఆఫీసు. నేను చేరింది టైపు కొట్టడానికి. చేరిన కొత్తలో ఒకరోజు ప్రింటరు మొరాయిస్తే దాని వైరు పీకి మళ్ళీ పెట్టాను, అది పనిచేసింది. నా ఖర్మ, ఆ రోజు నుంచీ కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ నేనే డాక్టర్ని. కోర్సులేవీ చదవలేదు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న విద్యంతా పీకి పెట్టడం, పెట్టి పీకడం.

ఆ రోజు పోయింది నిజానికి నెట్ కాదు, స్విచ్. స్విచ్ అంటే లైటు వేసుకునేది కాదు. బయటినుంచి వచ్చే ఒక్క నెట్ వైరుని ఇరవై కంప్యూటర్లకి పంచే ఇనప పెట్టె. ముందువైపు వరసగా కన్నాలు, ఒక్కో కన్నంలో ఒక్కో వైరు, ఒక్కో వైరు దగ్గర మిణుకుమిణుకుమనే పచ్చ లైటు. మా ఆఫీసులో అందరూ దాన్ని బాక్సు అనే అంటారు. అవి రెండున్నాయి. మేడ మీద ఏసీ గదిలో గోడకి ఒకటి, కింద గోడౌనులో బస్తాల పైనున్న అరలో ఒకటి. ఒకే రోజు కొన్నవి, ఒకే కంపెనీ, ఒకే రంగు, కవలపిల్లల్లా ఉంటాయి. ఆ రోజు పై బాక్సు మీద ఒక్క లైటు కూడా వెలగడం లేదు.

మూడేళ్ళ కిందట అవి కొన్నప్పుడు నేనో తెలివైన పని చేశాను. కంపెనీ వెబ్‌సైట్లో బాక్సు నంబరు ఎక్కిస్తే వారంటీ ఐదేళ్ళు, ఎక్కించకపోతే ఏడాదే. అసలు పనంతా మేడ మీదే జరుగుతుంది కదా అని పై బాక్సు నంబరు ఎక్కించాను. కిందిదాని సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. ఖాళీ అట్టపెట్టెలు మాత్రం పారేయలేదు. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో ‘పైది’ అని రాసి అటక మీద పెట్టించాను. కింది బాక్సు తాలూకు పెట్టెని అప్ప అడిగితే ఇచ్చేశాను. వాళ్ళమ్మాయి పుస్తకాలు సర్దుకోవడానికి చోటు లేదంది.

అప్ప అంటే నాకు చుట్టం కాదు. మా ఆఫీసులో ఊడ్చి తుడిచి టీలు అందించే మనిషి. ఇల్లు జాలరిపేటలో, తల్లి చేపలమ్ముతుంది. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు కాబట్టి మా ఇంట్లో అక్క అనే అంటాం. ఇక్కడివాళ్ళు అక్కని అప్ప అంటారు. నాకన్నా రెండేళ్ళు పెద్దదని నేనూ ఆమెని అప్పా అనే పిలిచేదాన్ని, ఆమె నన్ను అమ్మా అనేది. పన్నెండేళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా వచ్చి ఎరగదు. కూతురు ఆ ఏడు పదో తరగతి. ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదే.

ఇక నా ఫోను భాగోతం. కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే తెలుగుకి నాలుగు నొక్కమంది. నాలుగు నొక్కితే పావుగంట పాట వినిపించి, హిందీలో ఒకమ్మాయి పలికింది. మళ్ళీ చేశాను. ఈసారి తెలుగబ్బాయి దొరికాడు.

“సీరియల్ నంబర్ చెప్పండి మేడమ్.”

అది బాక్సు అడుగున ఉంటుంది. బాక్సేమో గోడకి బిగించి ఉంది. ఇప్పుడు దాన్నెవరు విప్పుతారని అప్పని అటకెక్కించి, ‘పైది’ అని రాసిన అట్టపెట్టె దింపించి, దాని మీది నంబరు చదివాను.

“వారంటీ ఉంది మేడమ్. ఒకసారి బాక్సు మీద లైట్లు వెలుగుతుండగా వీడియో తీసి పంపండి.”

“లైట్లు వెలగడం లేదనే కదా బాబూ ఫోను చేసింది.”

“అయితే వెలగనట్టు తీసి పంపండి మేడమ్.”

తీశాను. నిమిషం పాటు ఒక నల్లటి ఇనప పెట్టె, దాని పక్కన నా వేలు. ఏమీ జరగని వీడియో తీయడం నా జీవితంలో అదే మొదలు. అది పంపితే నా ఫిర్యాదుకి టికెట్ నంబరని ఒకటి వచ్చింది. మర్నాడు ఫోను చేస్తే ఇంకెవరో పలికి, ఆ టికెట్ మూసేశాం, ఇంకోటి తెరుస్తున్నాం అన్నారు. మూసేశారంటే బాగైందని అర్థమా, కాదని అర్థమా? అడిగితే మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నారు. వారం తిరిగేసరికి నా దగ్గర నాలుగు టికెట్ నంబర్లు పోగుపడ్డాయి. ఏ నంబరు చెప్తే ఏ మనిషి పలుకుతాడో తెలియదు. కరెంటు మార్చి చూడండి అని ఒకరు, వైరు మార్చి చూడండి అని ఒకరు, చిన్న పిన్నుతో వెనక కన్నంలో పది సెకన్లు నొక్కి పట్టుకోండి అని ఒకరు. చెప్పినవన్నీ చేశాను. నొక్కీ నొక్కీ నా బొటనవేలు వాచింది గానీ ఆ పెట్టెలో చలనం లేదు. ఈలోగా ఎక్కణ్ణించో ఒక పాత చిన్న బాక్సు తెచ్చి, ఐదు కంప్యూటర్లకి మాత్రం నెట్ ఇచ్చి, మిగతావాళ్ళని వంతులేసి కూర్చోబెట్టాను.

చివరికి ఒకరోజు చెప్పాపెట్టకుండా కొరియర్లో కొత్త బాక్సు దిగింది. పాతదాన్ని అదే పెట్టెలో సర్ది వెనక్కి పంపాలని కాగితం పెట్టారు. గోడకున్న బాక్సు విప్పి, నేనూ అప్పా కలిసి సర్దాం. మధ్యలో ఎవరో ఫోనుకి పిలిస్తే నేను లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అప్ప టేపు అంటించేసి పెట్టె సిద్ధం చేసింది. అడుగున నంబరు ఒకసారి చూసుకుందామన్న ఆలోచన నాకు రానే లేదు. మన గోడకున్న మన బాక్సుకి నంబరు చూడ్డమేమిటి?

కొత్తది బిగించాను. పచ్చ లైట్లన్నీ వెలిగాయి. నా అంతటిది లేదన్నట్టు రెండు రోజులు తిరిగాను.

మూడో రోజు మెయిల్ వచ్చింది. నాలుగుసార్లు చదివినా నాకు తలా తోకా అర్థం కాలేదు. మా ఏజెంటుగారు, అంటే మా యజమాని, ఆయన్ని కూడా చదవమన్నాను. మీరు పంపిన బాక్సు మీరు చెప్పిన బాక్సు కాదు, నంబరు వేరే, దానికి వారంటీ లేదు. లోపల దట్టంగా నల్లదుమ్ము ఉంది. పది రోజుల్లో అసలు బాక్సు పంపండి, లేదా మేమిచ్చిన కొత్తది తిప్పి పంపండి.

మా బాక్సు కాకపోతే మరెవరిది? నేనే కదా గోడ మీంచి విప్పాను. ఫోను చేసి అరిచాను. మీ దగ్గరే తారుమారు అయుంటుంది, నా పెట్టె నాకు తెలియదా అన్నాను. అవతలి అమ్మాయి చల్లగా, మీ బాక్సు లోపలి ఫొటోలు పంపుతున్నాం చూడండి మేడమ్ అంది. చూశాను. లోపల చిప్పుల మీద మసిపూసినట్టు దుమ్ము. ఏసీ గదిలో తలుపులు మూసుకుని ఉండే బాక్సులో అంత దుమ్మేమిటి? కొన్నప్పటి బిల్లు తీసి చూశాను. రెండు అని ఉంది గానీ నంబర్లు లేవు. నా మతి పోయింది.

నాకు అర్థం కానిది మా ఏజెంటుగారికి ఐదు నిమిషాల్లో అర్థమైపోయింది.

“ఏటమ్మా ఇంత ఆలోచించడానికి. మన బాక్సు శుభ్రంగా ఉంటాది. ఆళ్ళకెళ్ళింది దుమ్ముకొట్టిన పాతది. అంటే మజ్జిలో ఎవరో మార్చీసేరు. సెకండ్ హేండ్ బజార్లో ఇలాంటియి బాగానే పోతాయి.”

“పాడైపోయిన బాక్సు ఎవరు కొంటారండీ?”

“లోపల సామాన్లకి కొంటారు. ప్యాకింగ్ ఎవులు సేసేరు?”

“నేనూ అప్పా.”

“నువ్వు ఫోనుకెళ్ళేవన్నావు కదా. అంతకు ముందొక అట్టపెట్టె కూడా ఇంటికి అట్టుకెళ్ళింది కదా?”

ఆ మాటకి నేను ‘ఛ, ఊరుకోండి’ అని ఉండాలి. అనలేదు. నాకంతా అయోమయంగా ఉంది, ఆ అయోమయంలో ఆయన చెప్పిన లెక్క ఒక్కటే సరిపోతోంది. ఒక బాక్సు ఎలా ఇంకో బాక్సయింది? నేను మార్చలేదు. కంపెనీ మార్చలేదంటోంది. మిగిలింది ఎవరు? ఇలా కూడి తీసేసి నేనే వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అప్ప టీ గ్లాసులు కడుగుతోంది.

“అప్పా, ఆ రోజు నేను ఫోనుకెళ్ళినప్పుడు పెట్టెలో పెట్టింది మన బాక్సేనా?”

గ్లాసు చేతిలోనే ఉంచుకుని నావైపు తిరిగింది.

“నన్నే అడుగుతన్నారేటమ్మా?”

“అడగడంలో తప్పేముంది? అయితే అవునని చెప్పు, కాకపోతే కాదని చెప్పు.”

“మీరు ఇప్పి సేతికిచ్చిందే ఎట్టేను” అంది. అని మళ్ళీ గ్లాసులు కడుక్కుంది.

సాయంత్రం ఏజెంటుగారు ఆమెని పిలిచి, ఈ సంగతి తేలేదాకా పనికి రావద్దన్నారు. అందరూ తలలు తెరల్లోకి దూర్చేశారు. అప్ప ఏడవలేదు, బతిమాలలేదు. క్యారేజీ గిన్నె సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది, నేను ఏదో అంటానన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను మెయిల్ చూస్తున్నట్టు నటించాను. ఆమె మెట్లు దిగిపోయింది.

ఆ చూపు నన్ను వదల్లేదు. బాధపడుతోంది అనుకున్నాను, జాలిపడ్డాను కూడా. ఆ చూపుకి అర్థమేమిటో నాకు తర్వాత గాని తెలియలేదు.

వారం గడిచింది. బల్లల మీద దుమ్ము వేళ్ళకి నల్లగా అంటుకుంటోంది. పోర్టులో దిగే బొగ్గు వల్ల వన్ టౌన్‌లో ఒకపూట తుడవకపోతే అంతే. నేను రోజూ కంపెనీకి ఫోను చేస్తూనే ఉన్నాను, రోజుకో గొంతు పలుకుతూనే ఉంది. ఏడో రోజు పలికిన పెద్దాయన కాస్త మనిషిలా మాట్లాడాడు. “మేడమ్, మాకు వచ్చిన బాక్సు మీ ఆఫీసుదే అయుంటుందని నాకు అనిపిస్తోంది. ఇదే మోడల్ మీ దగ్గర ఇంకోటి ఉందా?” అన్నాడు. ఉంది, కానీ అది కింద పనిచేస్తూనే ఉంది అన్నాను. దాని నంబరు చూడండి అన్నాడు. పనిచేసేదాన్ని ముట్టుకోవడం నా వల్ల కాదన్నాను. అది నా పద్ధతి. నడిచేదాన్ని కదిపితే అదీ ఆగిపోతే ఎవరికి చెప్పుకోను? లారీల లోడింగు కాగితాలన్నీ దాని మీదే వెళ్తాయి. “పోనీ దాని అట్టపెట్టె ఉందా? పెట్టె మీద కూడా నంబరుంటుంది కదా” అన్నాడు.

అట్టపెట్టె అప్ప ఇంట్లో ఉంది.

జాలరిపేట వెళ్ళాను. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, నేను వెళ్ళింది అట్టపెట్టె కోసం ఒక్కటే కాదు. ఆ ఇంట్లో ఎక్కడైనా ఒక ఇనప పెట్టె కనిపిస్తుందేమోనని కూడా వెళ్ళాను. పన్నెండేళ్ళు నాకు టీ ఇచ్చిన మనిషి ఇంటికి మొదటిసారి వెళ్తూ, నేను మనసులో పెట్టుకున్నది అదీ. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సందులో వలలు ఆరేసి ఉన్నాయి. గుమ్మంలో ముసలామె, అప్ప తల్లి, ఖాళీ చేపలబుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. నేను ఎవరినో చెప్పాను. ఆమె లేవలేదు.

“మా పిల్లని దొంగన్నది నువ్వేనా?” అంది.

నేను నోరు తెరిచేలోగా అప్ప లోపల్నించి వచ్చి, “ఊరుకోయే అమ్మా. రండమ్మా, లోపలికి రండి” అంది. ఒకటే గది. ఇనప పెట్టె కోసం వెతకడానికి చోటే లేదు. గోడవారగా, రెండు ఇటుకల మీద, మా అట్టపెట్టె. దాని నిండా పదో తరగతి పుస్తకాలు, పైన అట్టలు వేసి, ఒద్దికగా. కంపెనీ బొమ్మ అంతా వెలిసిపోయింది గానీ పక్కనున్న నంబరు చీటీ చెక్కుచెదరలేదు. పుస్తకాలకి తడి తగలకుండా ఆ పిల్ల పెట్టె చుట్టూ ప్లాస్టిక్ కవరు అంటించింది.

ఫోనులో మెయిల్ తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో అంకే సరిచూశాను. కంపెనీవాళ్ళు మాది కాదన్న నంబరు, దట్టంగా నల్లదుమ్ము ఉందన్న బాక్సు నంబరు, అక్షరం పొల్లుపోకుండా అదే ఆ పెట్టె మీద ఉంది.

అంటే వాళ్ళకి వెళ్ళింది మా కింది బాక్సు. మేడ మీద గోడకి ఉన్నది కింది బాక్సు. అదెలా కుదురుతుంది? దానికేమైనా కాళ్ళొచ్చి మెట్లెక్కిందా?

“అప్పా, కింది బాక్సు పైకెలా వచ్చింది?” అన్నాను. ఆమెని కాదు, నన్ను నేనే అడుక్కున్నట్టు అన్నాను.

అప్ప తలుపుకి ఆనుకుని నిలబడింది. “దసరా పూజనాడు మీరే అట్టుకెళ్ళేరు కదమ్మా” అంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే మామూలుగా కాదు, తల కొట్టేసినట్టయింది.

మా ఏజెంటుగారి తాతలది వ్యవసాయం. దసరాకి నాగలీ కాడీ కడిగి పూజ చేసేవారట. ఆ అలవాటు మేడెక్కి ఆఫీసుకి వచ్చింది. దసరా ముందురోజు మా ఆఫీసులో పనిచేసే ప్రతి వస్తువూ దిగి రావాల్సిందే. స్టాప్లర్ దగ్గర్నుంచి లారీ తాళాల దాకా, రెండు బాక్సులతో సహా, అన్నిటినీ తుడిచి కింద గోడౌనులో అమ్మవారి పటం ముందు వరసగా పెట్టి బొట్లు పెడతారు. తుడిచేదీ బొట్టు పెట్టేదీ అప్పే. నాకు ఆ పూజంటే ఒళ్ళు మంట, ఎందుకంటే అయ్యాక వైర్లన్నీ మళ్ళీ పెట్టాల్సింది నేను. పైగా ఆ ఏడు పూజనాడే సాయంత్రంలోగా ఒక ఓడ కాగితాలు వెళ్ళాలి. కొబ్బరికాయ కొట్టీ కొట్టగానే రెండు బాక్సుల్లో చేతికందినదాన్ని లాక్కుని మెట్లవైపు నడిచాను. వెనకనించి అప్ప పిలిచింది.

“అమ్మా, అది కిందది. సందుల్లో ఇంకా బొగ్గుదుమ్ము ఉన్నాది సూడండి. ఎంత తుడిసినా వొదల్నేదు.”

“రెండూ ఒకటేలే అప్పా. అడ్డం లే, నాకు తెలుసు” అన్నాను.

ఈ మాటలు అన్నది నేను. విన్నది ఆమె. మూడు వారాలు తిరక్కుండానే నేను శుభ్రంగా మర్చిపోయాను. ఎందుకు గుర్తుంటాయి? అలాంటివి రోజుకి పది అంటాను.

“మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు? ఏజెంటుగారు పిలిచినప్పుడు?” అన్నాను.

“సెప్తే ఏటవుద్దమ్మా? దొంగతనం తప్పించుకోడానికి మేడమ్ మీద ఎట్టేత్తంది అంటారు. మీకు గుర్తొత్తే మీరే సెప్తారులే అనీసి మీకాసి సూసేను.”

అదీ ఆ చూపు.

“నన్నైనా అడగాల్సింది అప్పా. నాతోనైనా అనాల్సింది.”

“అన్నాను కదమ్మా ఆ రోజు” అంది అప్ప. కోపంగా కాదు, మామూలుగానే అంది. “అప్పుడే మీరు ఇన్నేదు. ఇప్పుడు ఇంటారేటి?”

ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి నాకు మొహం చెల్లలేదు. క్షమించమని అడగబోయాను. ఆమె పుస్తకాలన్నీ దింపి, పెట్టె దులిపి, నా చేతికిచ్చింది. “ఇది అట్టుకెళ్ళండి. మళ్ళీ నంబరు కావాలంటారు” అంది. పుస్తకాలు నేలమీద దొంతరగా ఉండిపోయాయి. పెట్టె నాకొద్దు, చీటీ ఫొటో తీసుకున్నాను చాలు అని, పుస్తకాలు తిరిగి నేనే సర్దాను. సర్దినంతసేపూ ముసలామె గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

తిన్నగా గోడౌనుకి వెళ్ళాను. నా పద్ధతీ గిద్దతీ పక్కన పెట్టి, నిచ్చెన వేయించుకుని, పనిచేస్తున్న కింది బాక్సుని తిరగేశాను. అడుగున ‘పైది’ పెట్టె మీది నంబరే ఉంది. అడుగు అంచున అప్ప పెట్టిన కుంకుమ బొట్టు ఎండి, వేలు తగలగానే రాలిపోయింది. మేము వారం రోజులుగా పోయిందనుకుంటున్న బాక్సు మా గోడౌనులో మా బస్తాల మీద పచ్చ లైట్లతో హాయిగా నడుస్తోంది. అసలు పాడుకాని బాక్సుకి నేను వారంటీ అడిగాను. పాడైన బాక్సుకి వారంటీ లేనే లేదు.

మెట్లెక్కి ఏజెంటుగారికి చెప్పాను. తప్పు నాదే అన్నాను. అందరూ వినాలని తలుపు తీసే ఉంచి, కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన నన్ను తిడతారనీ, ఉద్యోగం కూడా పోతుందేమోననీ సిద్ధపడే వెళ్ళాను. ఆయన నవ్వేశారు.

“ఓస్, ఇంతేనా? పూజ హడావిడిలో అటుదిటు అయుంటాది. పొరపాట్లు ఎవరికైనా అవుతాయమ్మా. ఆళ్ళ బాక్సు ఆళ్ళకి పంపీసి, కిందకొకటి కొనీ.”

అప్ప చేసిందనుకున్నప్పుడు అది దొంగతనం. నేను చేశానని తేలేసరికి పొరపాటైంది, నవ్వులాటైంది. తిట్టి ఉంటే బాగుండేది.

“మీరే అప్పకి ఫోను చేసి చెప్పండి” అన్నాను.

“నువ్వు సెప్పీ, రేపట్నించి రమ్మను.”

“కాదండీ. వద్దన్నది మీరు, అనిపించింది నేను. మీరు నా ముందు చేయండి.” నా కోపం ఎప్పుడూ చిన్నవాళ్ళ మీదే లేచేది. పెద్దవాళ్ళ మీద లేవడం అదే మొదటిసారి. ఆయన నావైపు వింతగా చూసి ఫోను తీశారు.

“ఏటే, రేపొచ్చీయ్. బాక్సు దొరికీసింది” అన్నారు. అంతే, పెట్టేశారు. బాక్సు దొరికిందట. పోయింది బాక్సొక్కటే అన్నట్టు.

అప్ప మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వచ్చింది. ఎప్పటిలాగే టైముకి వచ్చి, ఎప్పటిలాగే బల్లలు తుడిచింది. నేను అందరిముందూ క్షమించమని అడిగాను. “పోన్లెండమ్మా” అంది. దానికి అర్థం క్షమించానని కాదని నాకు తెలుసు. కంపెనీకి కొత్త బాక్సు తిప్పి పంపి, ఒక ఉత్తరం రాశాను. దయచేసి ఈ ఫిర్యాదు మూసేయండి, మా బాక్సు బాగానే ఉంది, తారుమారు చేసింది నేను అని. వాళ్ళు దానికి కొత్త టికెట్ నంబరు ఇచ్చారు. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని కూడా రాశారు.

అసలు పై బాక్సుని పైకి చేర్చాను. కిందకి ఒకటి కొని, ఈసారి దాని నంబరు కూడా ఎక్కించాను. రెండిటి నెత్తిమీదా తెల్లకాగితం అంటించి పెద్దక్షరాలతో రాశాను. పైది. కిందిది.

ఈ ఏడు మళ్ళీ దసరా వచ్చింది. అమ్మవారి పటం ముందు అన్నీ వరసగా దిగాయి. అప్ప ఎప్పటిలాగే గుడ్డ పట్టుకుని కూర్చుని, పుల్లకి గుడ్డ చుట్టి మరీ కింది బాక్సు సందులు తుడిచింది. ఏడాది గోడౌనులో ఉండేసరికి దానికీ అదే బొగ్గుదుమ్ము. అప్ప వేళ్ళు నల్లగా అయ్యాయి. బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టారు, హారతి అయింది. వైర్లు పెట్టడానికి నేను లేచి, ఒక బాక్సు మీద చేయి వేసి ఆగాను. ఏడాదిగా ఈ ఒక్క మాట అడగడం కోసమే కాచుకున్నాను. ఏజెంటుగారితో సహా అందరూ అక్కడే ఉన్నారు.

“అప్పా, ఇది పైదేనా? ఒకసారి చూసి చెప్పు” అన్నాను.

అప్ప తలెత్తి బాక్సువైపు చూసింది, నావైపు చూసింది. నల్లబడ్డ వేళ్ళు గుడ్డకి తుడుచుకుంది.

“అక్కడ రాసే ఉన్నాది కదమ్మా. సదువుకోండి” అంది.

చదువుకున్నాను. పైదాన్ని పట్టుకుని మెట్లెక్కాను.